శాస్త్ర పత్రికా ప్రచురణము: కాగితము నుండి ఎలక్ట్రానిక్ పద్ధతికి

శాస్త్ర సాంకేతిక విషయములందు క్రొత్తగా కనుగొనబడిన సంగతులను తోటి పండితులచే పరీక్షింపజేసి, నియతకాలమున వెలువరించి, భావితరముల కొఱకు భద్రపరచు పత్రికలకు శాస్త్ర పత్రికలనియు, లోకవ్యవహారమున జర్నళ్ళనియు పేరు. సీసపు అక్షరములతోను కాగితముతోను టపాతోను మూడు శతాబ్దములకు పైగా సాగిన ఈ పత్రికల నిర్మాణ కార్యము 20వ శతాబ్ది చివరి పాదమున కంప్యూటరు ఫైళ్ళ మీదికి మఱలెను. చూచువారికి ఇది కాగితమునకు మాఱుగా తెర వచ్చుటగా మాత్రమే తోచునుగాని, దీని మర్మము లోతైనది. వ్యాసము యొక్క నిర్మాణమును దాని బాహ్యరూపము నుండి వేఱుచేసి, ఒక్కమారు టైపుచేసిన పాఠము నుండియే అచ్చుపుటను, తెరపుటను, సూచీపత్రమును, భాండాగార ప్రతిని పుట్టింపగలుగుట ఈ పరివర్తనమునకు మూలసూత్రము. కాగితము తనంత తానుగా సమకూర్చిన స్థిరత్వమును ఇకమీదట మనుష్యులు పూని సమకూర్పవలసివచ్చుట దీని వలన కలిగిన క్రొత్త బాధ్యత.

పుట్టుక, ప్రయోజనము

ఐరోపా ఖండమున 17వ శతాబ్ది పండితులు తమ పరిశోధన ఫలితములను ఉత్తరముల ద్వారా ఒండొరులకు తెలుపుకొనుచుండిరి. ఈ ప్రత్యుత్తర వ్యవహారమునకు ముద్రణము తోడుకాగా, 1665 జనవరి 5న పారిస్ నగరమున డెనిస్ ద సాలో ‘జూర్నాల్ దె సావాన్’ పత్రికను, అదే సంవత్సరము మార్చి 6న లండను నగరమున రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రికను వెలువరించిరి. నాటినుండి నేటివరకు శాస్త్ర పత్రిక చేయు పనులు నాలుగు: ఒక సంగతిని ముందుగా కనుగొన్నవారెవరో తేదీతో నమోదుచేయుట, దాని నిజానిజములను విషయజ్ఞులచే విచారింపజేయుట, దానిని నలుదిక్కులకు చేర్చుట, చెడకుండ దాచియుంచుట. ముద్రణ సాధనములెన్ని మారినను ఈ నాలుగు పనులు మారలేదు. కావున ఏ నూతన పద్ధతి యోగ్యతనైనను వీనితోనే తూచవలెను.

కాగితపు కాలమందలి కార్యక్రమము

రచయిత తన వ్యాసమును కార్బను కాగితములు పెట్టి రెండు మూడు ప్రతులుగా టైపుచేయించి, టైపు మిషనుకు లొంగని గ్రీకు అక్షరములను గణిత చిహ్నములను చేతితో పూరించి, పటములను నల్లసిరాతో వేఱుగా గీయించి, ఆ కట్టను సంపాదకునకు టపాలో పంపెడివాడు. కార్యాలయమున దానికొక సంఖ్య వేసి, చేరిన తేదీని గుర్తించి, ఒక ప్రతిని సమీక్షకునకు పంపెడివారు. సమీక్షకుని అభిప్రాయమును, దానికి రచయిత ఇచ్చిన సమాధానమును, సవరించిన ప్రతియును మరల టపాలోనే తిరుగవలసియుండెను. రెండు ఖండముల నడుమ ఈ రాకపోకలకే నెలలు గడచెడివి. అంగీకారము లభించిన పిదప కాపీ ఎడిటరు పెన్సిలు పట్టి, ఏ చిహ్నము ఏ టైపులో, ఎంత పరిమాణమున, పంక్తికి పైననో క్రిందనో ఉండవలెనో అంచులలో వ్రాయగా, ఆ గుర్తులను చూచి కంపోజిటరు అక్షరములు కూర్చెడివాడు.

1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ కార్యాలయమున పనికి దిగిన ఒట్మార్ మెర్గంథాలర్ యొక్క లైనోటైపు యంత్రము పంక్తినంతటిని ఒకే సీసపు కడ్డీగా పోతపోయును. వార్తాపత్రికలకు వరప్రసాదమైన ఈ యంత్రము, ఒక్క అక్షరము తప్పినను పంక్తినంతయు తిరిగి పోతపోయవలసివచ్చుటచేతను, పైన క్రింద చిన్న అంకెలను నిలుపుట దుస్తరమగుటచేతను గణితమునకు ఒదుగలేదు. టాల్బర్ట్ లాన్‌స్టన్ కల్పించిన మోనోటైపునందు కీబోర్డు మీద నొక్కిన అక్షరములు కాగితపు చుట్టపై రంధ్రములుగా పడును; ఆ చుట్టను బట్టి వేఱొక యంత్రము అక్షరమునకు అక్షరముగా సీసమును పోయును. అట్లు విడివిడిగా వచ్చిన అక్షరములను చేతితో సవరించి, నేర్పరియైన కంపోజిటరు సమీకరణమునకు ఆకృతి కల్పించెడివాడు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమునందలి గణిత, భౌతిక శాస్త్ర పత్రికల పుటలకు గల సొంపు చాలవరకు ఈ చేతిపని వలన కలిగినదే.

కూర్పు ముగిసిన పిమ్మట గాలీ ప్రూఫులు రచయితకు పోవును. ఆయన దిద్దిన తరువాత పుటలుగా విభజించి, పటముల బ్లాకులు పొదిగి, పుట ప్రూఫులు తీసి, అచ్చువేసి, కుట్టి, చందాదారులకు పంపెడివారు. ఈ దీర్ఘయాత్రలో ఒకే పాఠము టైపు మిషను మీద ఒకమారును, కూర్పు యంత్రము మీద మఱొకమారును, వ్యాససంగ్రహములను సూచికలను ప్రకటించు సంస్థలయందు వేఱొకమారును టైపు కావలసియుండెను. టైపైన ప్రతిసారియు క్రొత్త తప్పులు దూరుటకు త్రోవ ఏర్పడుచుండెను. అయినను ఈ పద్ధతి యందొక మహాగుణము కలదు. సంచిక వెలువడి వందలకొలది గ్రంథాలయములకు చేరిన పిమ్మట దానిని మార్చుట ఎవరితరమును కాదు. ఒక గ్రంథాలయము తగులబడినను తక్కిన ప్రతులు నిలిచియుండును. ఎవరును ప్రత్యేకముగా ఆలోచింపకయే భద్రత సిద్ధించుచుండెను.

అక్షరము అంకెగా మారుట

1960, 1970 దశకములందు సీసపు పోత వెనుకబడి, అక్షరరూపముల గుండ వెలుతురు ప్రసరింపజేసి ఫోటో కాగితముపై పుటలను దింపు పద్ధతి వ్యాపించెను. ఖర్చు తగ్గినదిగాని గణితపు పుట అందము చెడినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన డొనాల్డ్ కనూత్, మోనోటైపు కూర్పుతో వెలువడిన తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ గ్రంథమునందలి రెండవ సంపుటమునకు క్రొత్త ముద్రణ సిద్ధమగుచుండగా, 1977 మార్చి నెలలో తనకు చేరిన ప్రూఫులను చూచి, ఫోటో పద్ధతిచే వికృతములైన అక్షరములకు మిక్కిలి ఖిన్నుడయ్యెను. పుటయనగా సిరా ఉన్న బిందువులును లేని బిందువులును గదా, వానిని 1, 0 అను అంకెలుగా నిర్ణయించుట కంప్యూటరు శాస్త్రజ్ఞుని స్వధర్మమే గదా యని తలపోసి, కూర్పు ప్రోగ్రామును తానే వ్రాయ సంకల్పించెను. అట్లు పుట్టినది ‘టెక్’. దానికి తోడుగా అక్షరములను గీయుటకు ‘మెటాఫాంట్’ పుట్టినది. 1978 జనవరిలో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ ఆహ్వానముపై చేసిన గిబ్స్ ఉపన్యాసమునందు ఆయన గణిత ముద్రణకళనే విషయముగా గ్రహించి ఈ కృషిని పండితలోకమునకు తెలిపెను. కొలది నెలలలో ముగియునని తలచిన పని దశాబ్దకాలము పట్టెను. దాని ఫలమును ఆయన వెలకట్టక లోకమునకు విడిచెను.

పంక్తిని పంక్తిగా విఱుచుకొనుచు పోవుటకు మాఱుగా టెక్ పేరానంతటిని ఒక్కచూపున పరికించి, పదముల నడిమి ఎడములు సమముగా నుండునట్లు పంక్తులను నిర్ణయించును. అంతకంటెను ముఖ్యమైన సంగతి, సమీకరణమును సాధారణ కీబోర్డు మీది అక్షరములతోనే వ్రాయు రీతిని అది ఏర్పరచుట. ఆ రీతిలో వ్రాసిన గణితము ఉత్తరము వలెనే ఈ-మెయిలులో ప్రయాణము చేయగలదు. ఏ దేశమునందలి ఏ కంప్యూటరునందైనను అదే పుటగా తిరిగి రూపొందగలదు. 1980వ దశకము నడుమ లెస్లీ లాంపోర్ట్ దీనిపై నిర్మించిన ‘లాటెక్’ ఈ మార్గమును సామాన్య రచయితకు సుగమము చేసెను. రచయిత ఇది శీర్షిక, ఇది సిద్ధాంతము, ఇది ఉపపత్తి, ఇది పూర్వగ్రంథ సూచన యని చెప్పిన చాలును. వాని రూపమును పత్రిక వారి స్టైల్ ఫైలు నిర్ణయించును. పెన్సిలు గుర్తుల పనిలో పెద్దభాగము ఇట్లు రచయిత చేతికే వచ్చెను.

గుర్తుల భాష

లాటెక్ గణితజ్ఞులకు చేసిన ఉపకారమునే సమస్త రచనలకును చేయదలచిన యత్నము మఱియొకటి అంతకు ముందే మొదలైనది. 1969లో ఐబీఎం సంస్థయందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనువారు కల్పించిన గుర్తుల భాష పెంపొంది 1986లో ఎస్‌జీఎంఎల్ అను పేర అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. దానిని సరళీకరించిన ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరి 10న వెలువడెను. గణితమునకు ప్రత్యేకించిన మ్యాథ్‌ఎంఎల్ అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో వచ్చెను.

ఈ గుర్తుల ఆవశ్యకత ఒక్క ఉదాహరణముచే తెలియును. శాస్త్ర వ్యాసమునందు వాలుటక్షరములలో నున్న మాట వరిమొక్క శాస్త్రీయనామమైన ‘ఒరైజా సటైవా’ కావచ్చును, ఒక గ్రంథము పేరు కావచ్చును, సమీకరణమునందలి చలరాశి కావచ్చును. చదువరి సందర్భమును బట్టి భేదమెఱుగును. యంత్రమునకు ఆ వివేకము లేదు. వాలుటక్షరమని మాత్రము నమోదైన మాట అచ్చునకు చాలును. వెదకుటకుగాని, సూచికలో చేర్చుటకుగాని, అంధులైన పాఠకులకు చదివి వినిపించుటకుగాని చాలదు. ఇది జీవజాతి నామము, ఇది గ్రంథనామము అని గుర్తుపెట్టిన పాఠము ఈ ప్రయోజనములన్నిటికిని వినియోగపడును. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 2003లో జీవవైద్య పత్రికల కొఱకు ప్రకటించిన ఇట్టి గుర్తుల సముదాయమే విస్తరించి, 2012లో ‘జాట్స్’ అను ప్రమాణమై, నేడు శాస్త్ర పత్రికల పాఠమునకు విరివిగా వాడబడుచున్నది.

పుట ప్రయాణించిన విధము

నిర్మాణము ఎంత ముఖ్యమైనను పాఠకుడు కోరునది చూడదగిన పుట. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీలు స్థాపించిన అడోబీ సంస్థ పుటను వర్ణించుటకు పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషను కల్పింపగా, 1985 నుండి ఆ భాషను గ్రహింపగల లేజర్ ప్రింటర్ల తోడ్పాటుతో అది కార్యాలయములకు వ్యాపించెను. అదే సంస్థ 1993లో వెలువరించిన పీడీఎఫ్ రూపము ఏ యంత్రమునందు తెఱచినను పుట చెదరకుండ నిలుచునట్లు చేసెను. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. పీడీఎఫ్ ముద్రిత పుటకు నమ్మకమైన ప్రతిబింబము. అయితే ప్రతిబింబమునకు సహజమైన పరిమితి దానికిని గలదు: చిన్న తెరపై అది ఒదుగదు, నిర్మాణమును తెలుపు గుర్తులు చేర్చనియెడల యంత్రమునకు దాని యందలి శీర్షికలు, సమీకరణములు వేఱువేఱుగా గోచరింపవు. అందుచేత శ్రద్ధగల ప్రచురణకర్తలు గుర్తులతో కూడిన పాఠమును మూలప్రతిగా నుంచుకొని పీడీఎఫ్‌ను దాని నుండి పుట్టించుచున్నారు.

తొలి ప్రయోగములు

బ్రిటనునందు 1980 మొదలు 1984 వరకు బర్మింగ్‌హాం, లఫ్‌బరో విశ్వవిద్యాలయములు ‘బ్లెండ్’ అను పేర ఒక ఎలక్ట్రానిక్ పత్రికను నడిపి చూచెను. టెలిఫోను తీగల మీద అక్షరములు మాత్రమే పోగల ఆ రోజులలో పటములు చూపు ఉపాయము లేకపోవుట దానికి పెద్ద లోటయ్యెను. 1991 నుండి 1995 వరకు ఎల్సెవియర్ సంస్థ ‘ట్యూలిప్’ ప్రణాళిక క్రింద పదార్థ విజ్ఞానమునకు చెందిన నలుబదికి పైగా పత్రికలను స్కాన్ చేసి, పుటల బొమ్మలను అమెరికాయందలి 9 విశ్వవిద్యాలయములకు అందజేసెను. బొమ్మల ఫైళ్ళు పెద్దవి, నాటి నెట్‌వర్కులు నిదానమైనవి. అంతేగాక శాస్త్రజ్ఞునకు కావలసిన పత్రికలలో కొన్ని మాత్రమే తెరపై దొరకినయెడల అతడు తన పాత అలవాటును మానుకొనడని ఈ ప్రయోగము తెలిపెను. 1992లో ఓసీఎల్‌సీ సంస్థతో కలిసి అమెరికా శాస్త్రాభివృద్ధి సంఘము ఆరంభించిన ‘ఆన్‌లైన్ జర్నల్ ఆఫ్ కరెంట్ క్లినికల్ ట్రయల్స్’ సమీక్షింపబడిన వైద్య వ్యాసములను కాగితము లేకయే ప్రకటించెను; కాని క్రొత్త సాధనమునకు ప్రతిష్ఠ లేనందున రచయితలు తగినంతగా ముందుకు రాలేదు. వరల్డ్ వైడ్ వెబ్ వ్యాపించిన పిదప 1995లో స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయమునకు చెందిన హైవైర్ ప్రెస్ ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ని అంతర్జాలమున నిలుపుటతో, లబ్ధప్రతిష్ఠములైన పత్రికలే తెరపైకి వచ్చు కాలము ప్రారంభమయ్యెను.

ఫిజికల్ రివ్యూ, ఆర్కైవ్

ఈ పరివర్తనము మొదలు తుద వరకు స్పష్టముగా కానవచ్చు ఉదాహరణము ‘ఫిజికల్ రివ్యూ’. 1893లో కోర్నెల్ విశ్వవిద్యాలయమున పుట్టి, 1913లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ అధీనమునకు వచ్చిన ఈ పత్రిక కాలక్రమమున పలు శాఖలుగా విడివడెను. 1958లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’ జనించెను. సొసైటీవారు లాటెక్‌ను తమ పత్రికలకు అనుగుణముగా మలచి ‘రెవ్‌టెక్’ అను పేర రచయితలకు పంచిరి. 1995లో లెటర్స్ పత్రిక అంతర్జాలమునకు చేరెను. 1998లో యాక్సిలరేటర్ల శాస్త్రమునకై ఆరంభించిన పత్రిక పుట్టుకతోనే కాగితము లేనిది. ప్రయోగశాలల ద్రవ్యసహాయముతో అది పాఠకులకు ఉచితముగా లభించెను. 1893 నుండి వెలువడిన పాత సంపుటములన్నియు స్కాన్ చేయబడి 2001 నాటికి అందుబాటునకు వచ్చెను. అదే సంవత్సరమున పుటసంఖ్యలకు బదులు ఆఱంకెల వ్యాససంఖ్యలు వాడుకలోనికి వచ్చెను. చిన్నదిగా కనబడు ఈ మార్పున గొప్ప అర్థము కలదు: సంచిక నిండువరకు వ్యాసము ఆగవలసిన పనిలేదు, సిద్ధమైన వ్యాసము సిద్ధమైన దినముననే లోకమునకు పోవచ్చును. సంచిక అనునది టపా ఖర్చును బట్టి, కుట్టు సౌకర్యమును బట్టి ఏర్పడిన కట్టయే గాని శాస్త్రమునకు సహజమైన విభాగము గాదని దీనిచే తేలినది.

భౌతికశాస్త్రజ్ఞులు ప్రచురణమునకు ముందే తమ వ్యాసప్రతులను మిత్రులకు టపాలో పంపుకొను ఆచారము చిరకాలముగా కలదు. పెద్ద సంస్థలకు చేరిన ఈ ప్రతులు చిన్న కళాశాలలకును దూరదేశములకును చేరెడివి కావు. 1991 ఆగష్టులో లాస్ అలమోస్ ప్రయోగశాలయందు పాల్ గిన్‌స్పార్గ్ ఈ ప్రతులను ఒకచోట నుంచి, అడిగినవారికెల్ల ఈ-మెయిలులో పంపు ఏర్పాటు చేసెను. ‘ఆర్కైవ్’ అను పేర పెరిగి 2001లో కోర్నెల్ విశ్వవిద్యాలయమునకు తరలిన ఈ భాండాగారమున 2022 ఆరంభమునకు 20 లక్షలకు పైగా వ్యాసములు చేరెను. టెక్ లేనియెడల గణితముతో నిండిన ఆ వ్యాసములు నాటి ఈ-మెయిలులో నడవగలిగెడివి కావు. పత్రిక చేయు నాలుగు పనులలో నమోదును ప్రచారమును ఆర్కైవ్ గ్రహింపగా, విచారణము పత్రికలకే నిలిచెను. కాగితము కట్టియుంచిన నాలుగు పనులు ఇట్లు విడివడుట ఎలక్ట్రానిక్ యుగమున కలిగిన ముఖ్య పరిణామము.

నేటి కార్యక్రమము

నేడు రచయిత తన ఫైలును పత్రిక యొక్క సమర్పణ వ్యవస్థలో చేర్చును. చేర్చిన క్షణమే తేదీ నమోదగును. సంపాదకుడు సమీక్షకులను పిలుచుట, వారి అభిప్రాయములు, జ్ఞాపికలు, నిర్ణయములు అన్నియు ఆ వ్యవస్థయందే నడచును. ఇట్టి పనికై కెనడాయందు పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ నిర్మించిన ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ను ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చును, అల్పధనములైన సంఘములకును కళాశాలలకును ఇది గొప్ప ఆధారము. అంగీకృతమైన వ్యాసమును కాపీ ఎడిటరు తెరపైననే సవరించును. దానిని గుర్తులతో కూడిన పాఠముగా మార్చి, ఆ ఒక్క మూలము నుండి పీడీఎఫ్‌ను, తెరపుటను, రచయితల పేర్లు, సంస్థలు, సారాంశము మొదలగు వివరములతో కూడిన మెటాడేటాను తీయుదురు. సవరణలు మూలమున చేసిననే అన్ని రూపములకును సంక్రమించును. పీడీఎఫ్‌లో మాత్రము దిద్ది మూలమును మఱచినచో రెండు పాఠములు భిన్నములగును. ఈ పద్ధతికి మాఱిన కార్యాలయములు మిక్కిలి మెలకువతో కాచుకొనవలసిన తప్పు ఇదియే.

శాశ్వత సంఖ్య, భద్రత

వెబ్ చిరునామా అద్దె ఇంటి చిరునామా వంటిది. సర్వరు మారినను సంస్థ పేరు మారినను అది చెడును. ఈ చిక్కు తీర్చుటకు ప్రచురణకర్తలు కూడి డీఓఐ అను శాశ్వత సంఖ్యను ఏర్పరచిరి. వ్యాసము ఎక్కడికి తరలినను సంఖ్య మారదు. క్రొత్త తావును నమోదుచేసిన చాలును. 2000లో స్థాపితమైన క్రాస్‌రెఫ్ సంస్థ ఈ సంఖ్యలను నమోదుచేయుచు, ఒక వ్యాసము చివరనున్న పూర్వగ్రంథ సూచనల నుండి నేరుగా ఆ వ్యాసములకు పోవు మార్గము కల్పించెను. 2012లో డీఓఐ అంతర్జాతీయ ప్రమాణమయ్యెను.

సంఖ్య యుండియు వస్తువు లేనిచో ప్రయోజనము లేదు. కాగితపు రోజులలో గ్రంథాలయము పత్రికను కొనెడిది. నేడు పెక్కుచోట్ల చూచు హక్కును మాత్రము కొనుచున్నది. చందా ఆగినను, ప్రచురణకర్త మూతపడినను పాత సంపుటముల గతి యేమి యను ప్రశ్న ఇందుండి పుట్టెను. ఒకే ప్రతిని పలుచోట్ల నుంచి, అవి పరస్పరము సరిచూచుకొని చెడిన భాగమును బాగుచేసికొనునట్లు స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయము ‘లాక్స్’ పద్ధతిని నిర్మించెను. 2005లో ‘పోర్టికో’ అను భాండాగారము ఆరంభమయ్యెను. వందల గ్రంథాలయములు అప్రయత్నముగా చేసిన పనిని ఇవి సప్రయత్నముగా చేయుచున్నవి.

భారతదేశము, తెలుగు

భారతదేశమునకు ఈ పరివర్తనమున రెండు స్థానములు కలవు: పాఠక స్థానము, కర్మాగార స్థానము. చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురము మొదలగు నగరములందు వేలకొలది మంది పనివారు విదేశ పత్రికల వ్యాసములను కూర్చి, గుర్తులు చేర్చి, ప్రూఫులు సిద్ధపఱచుచున్నారు. 2002 సెప్టెంబరులో టెక్ వాడుకదారుల అంతర్జాతీయ వార్షిక సమావేశము తిరువనంతపురమున జరుగుట ఈ నైపుణ్యమునకు లభించిన గుర్తింపు. పాఠకుల విషయమున, 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకము 2025 మొదలు మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందించుటకు ఏర్పడినది. దూరగ్రామమునందలి ప్రభుత్వ కళాశాల విద్యార్థికి రాజధానియందలి ఆచార్యునితో సమానముగా వ్యాసము లభించుట కాగితపు కాలమున ఊహకందని సంగతి.

తెలుగున శాస్త్రము వ్రాయువారికి ఈ చరిత్రయందు ప్రత్యేకమైన పాఠము కలదు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము ఏర్పడినను, డీటీపీ కాలమున మన పుస్తకములు పత్రికలు పెక్కులు ఆంగ్లాక్షర స్థానములలో తెలుగు రూపములను పొదిగిన ఖతులతో కూర్పబడెను. అచ్చునందు అవి చక్కగా కనబడును, ఆ ఖతి లేని యంత్రమున అర్థములేని అక్షరములగును, వెదకిన దొరకవు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమి పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి అంతర్జాలమున నుంచుట మహోపకారము. చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పదిలక్షల పుస్తకముల ప్రణాళిక తెలుగు గ్రంథములకును చోటిచ్చెను. కాని పుట బొమ్మ వేఱు, వెదకదగిన పాఠము వేఱు. మొదటిదానిని రెండవదానిగా మార్చు పని మనకు మిగిలియున్నది.

సమీక్ష

ఎలక్ట్రానిక్ పద్ధతి శాస్త్ర ప్రచారమునకు వేగమును, పాఠమునకు ఏకత్వమును, అన్వేషణకు సౌలభ్యమును ఇచ్చెను. ఆలస్యమునంతయు అది తొలగింపలేదు. సమీక్షకుని ఆలోచనకు పట్టు కాలమును ఏ యంత్రమును తగ్గింపజాలదు. వెలయు తానుగా తగ్గలేదు. కాగితము, టపా ఖర్చులు పోయినచోట గుర్తుల పని, సర్వర్లు, భద్రత చేరెను. ఒక పత్రికను కాగితము నుండి తరలింపబూనిన సంఘమువారు మూడు నిర్ణయములు ముందుగా చేసికొనవలెను: గుర్తులతో కూడిన యూనికోడ్ పాఠమును మూలప్రతిగా నుంచుకొనుట, ప్రతి వ్యాసమునకు శాశ్వత సంఖ్య నిచ్చుట, తమ గోడలకు వెలుపల కనీసము మఱొకచోట ప్రతిని భద్రపఱచుట. ఈ మూడును కుదిరిన పిమ్మటనే అచ్చుకూటమునకు సెలవు చెప్పవలెను.